మెట్ల మీద పియానో

మా సంగీత సమితికి ఉన్న మంచి పియానో ఒక్కటే. కచేరీలు జరిగే హాళ్ళు మాత్రం ఆరు, ఆరూ వేరు వేరు చిన్న ఊళ్ళలో. ఏటా వానలు వెనకపట్టు పట్టి ఎండ మెత్తబడగానే, శరత్కాలంలో వరసగా ఆరు శనివారాలు ఊరికొక కచేరీ చొప్పున పెడతాం. వాయించేవాళ్ళు ఏడాదికొకరు మారతారు. పియానో మారదు. దాన్ని మోసుకెళ్ళే ఇద్దరు మనుషులు కూడా పంతొమ్మిదేళ్ళ పాటు మారలేదు. ఆ ఇద్దరిలో చిన్నవాడి గురించే నేనిప్పుడు చెప్పబోతున్నాను. నేను సమితి ఆఫీసులో గుమాస్తాను. కచేరీల జాబితా టైపు చేయడం, హాళ్ళకు ఉత్తరాలు పంపడం, బండి ఏ రోజు ఎక్కడ ఉండాలో రాసిపెట్టడం నా పని.

అతన్ని అందరూ నిదానం అని పిలుస్తారు. తలుపు దగ్గరైనా మలుపు దగ్గరైనా పియానో కదిలినంతసేపూ అతని నోట వచ్చే మాట అదొక్కటే. "నిదానం... నిదానం..." మాట ఎలాగో మనిషీ అలాగే. ఎవరైనా జోకు వేస్తే అందరూ నవ్వి, నోళ్ళు మూసుకుని, మళ్ళీ పనిలో పడ్డాక అతను నవ్వుతాడు. పెళ్ళి విషయంలోనూ అలాగే ఆలోచించి ఆలోచించి చివరికి చేసుకోనేలేదు. అక్కాబావల ఇంట్లో మేడమీది గదిలో ఉండిపోయాడు.

రెండోవాడు ఆ బావే. ఇంటికి పెద్ద బావ కాబట్టి ఆఫీసులో మా అందరికీ కూడా బావగారే అయ్యారు. ఆయన అంతకుముందు ఇళ్ళ సామాన్లు చేరవేసే బండి నడిపేవారు. పియానో పని ఒప్పుకున్నప్పుడు, కలప అడితిలో దుంగలు ఎత్తుతున్న బావమరిదిని వెంట తెచ్చుకున్నారు. ఏ హాలుకు వెళ్ళినా ఆయన పరిచయం చేసే తీరు ఒకటే. "ఇతను మా బావమరిదండీ. బరువంతా ఇతనిది, పేరంతా నాది."

ఆ మాటలో అబద్ధం ఏమీ లేదు. పియానోకి కాళ్ళు విప్పి, దుప్పట్లు చుట్టి, పక్కకు ఒరగబెట్టి చెక్కబల్లకు బెల్టులతో బిగిస్తారు. నేల మీదైతే అడుగున చక్రాలు పెట్టి తోస్తే పోతుంది. మెట్లొస్తే చేతులే గతి. మూడు క్వింటాళ్ళ పైమాట. పక్కల సాయానికి హాలువాళ్ళు ఇద్దరిని ఇస్తారు కానీ వాళ్ళు ఏ ఊరికి ఆ ఊరి మనుషులు, పని తెలియదు. అసలు పని పైకొస పట్టుకున్నవాడిదీ, కిందకొస పట్టుకున్నవాడిదీ. పైవాడు వెనక్కి వెనక్కి ఎక్కుతూ, మెట్టు మెట్టుకూ అంకె చెబుతాడు. కిందవాడు ఆ అంకె వినగానే ఎత్తుతాడు. పైకొస బావగారిది, కిందకొస నిదానానిది. పంతొమ్మిది శరత్తులు అలా గడిచాయి. ఒక్కసారి కూడా పియానో మూల గోడకు తగలలేదు. పియానో వేదిక మీదకు చేరాక ఇద్దరూ వెళ్ళి బండిలో పడుకునేవారు. లోపల కచేరీ మొదలయ్యేది, అయిపోయేది. చప్పట్లు ఆగాక ఎవరో వచ్చి బండి తలుపు తట్టేవారు.

మూడేళ్ళ కిందట, వానలు మొదలైన రోజుల్లో, ఒక ఉదయం బావగారు గడ్డం గీసుకుంటూ గీసుకుంటూ చెయ్యి బిగుసుకుపోయి అలాగే నిలబడిపోయారు. అక్క పంపు కట్టేసి వచ్చి చూసేసరికి సగం మొహాన సబ్బు నురగ ఉంది, అద్దంలోకి చూస్తున్నారు, పిలిస్తే పలకడం లేదు. పక్షవాతం. ఆస్పత్రిలో పదకొండు రోజులు ఉన్నారు. ఇంటికి తెచ్చేటప్పటికి కుడికాలు ఈడుస్తూ నడవగలిగేవారు. కుడిచెయ్యి మాత్రం ఒళ్ళోనే ఉండేది. మాట పోయింది. పూర్తిగా పోయినా బాగుండేదేమో. ఒక్క మాట మిగిలింది, అదీ ఏ సంబంధమూ లేని మాట. కుర్చీ.

నీళ్ళు కావాలన్నా కుర్చీ, కిటికీ మూయమన్నా కుర్చీ. ఎదుటివాళ్ళు చెప్పింది ఆయనకు మొత్తం అర్థమవుతోందని డాక్టరు చెప్పారు. తన నోటి నుంచి వచ్చేది తప్పుమాట అనీ ఆయనకు తెలుసు. చూడ్డానికి వెళ్ళినప్పుడు నన్ను చూసి సంతోషంగా "కుర్చీ" అన్నారు, వెంటనే మొహం చిన్నబుచ్చుకున్నారు. అక్క తేలిగ్గా తీసేసింది.

"చూశావా అమ్మా, ముప్పై రెండేళ్ళు కాపురం చేస్తే చివరికి నేను కుర్చీనయ్యాను. పోనీలే, నువ్వూ కుర్చీవే, మా తమ్ముడూ కుర్చీయే. ఇంటినిండా కుర్చీలే, కూర్చునేవాళ్ళే లేరు."

ఆమె ఆస్పత్రి బట్టలు ఉతికే చోట పని చేస్తుంది. దుప్పట్లు పిండి పిండి మణికట్లు మగవాళ్ళ మణికట్లలా అయ్యాయి. నవ్వించే మాట అని, లోపలికి వెళ్ళి, గిన్నెలు అవసరమైన దానికంటే ఎక్కువ చప్పుడు చేస్తూ కడుక్కుంది.

ఆ శరత్కాలపు జాబితా అప్పటికే నా బల్ల మీద ఉంది. వాయించేవారు ఒప్పుకున్నారు, ఆరు హాళ్ళూ తేదీలు ఖాయం చేశాయి. పియానో సంగతి తేలలేదు. బయట ఏదైనా కంపెనీకి రాయమన్నారు మా కార్యదర్శి గారు. రాయడానికి కాగితం పెట్టుకున్న రోజునే నిదానం ఆఫీసుకు వచ్చాడు. చెప్పులు గుమ్మం దగ్గర వదిలి, నిలబడే అడిగాడు.

"ఈ ఏడు జాబితా అయిందా మేడమ్?"

"అయింది. పియానోకి మాత్రం బయటివాళ్ళని పిలవమన్నారు కార్యదర్శి గారు."

"రాశారా?"

"ఇప్పుడే మొదలుపెడుతున్నాను."

"ఓ రెండు వారాలు ఆగండి. మేమే తీసుకెళ్తాం."

"మేము అంటే ఎవరు?"

అతను కిటికీలోంచి బయటికి చూశాడు. తొందరపెట్టి లాభం లేదని తెలుసు కాబట్టి కలానికి మూత పెట్టాను.

"కిందకొసకి మనిషి దొరుకుతాడు. నా స్నేహితుడు తాపీమేస్త్రి ఉన్నాడు, వానల్లో పనుల్లేవు, వస్తానన్నాడు. పైకొస నేనే ఎక్కాలి. కానీ నాకు మెట్లు తెలియవు మేడమ్."

"పంతొమ్మిదేళ్ళు ఎక్కి తెలియకపోవడమేంటి?"

"ఎక్కాను. చూడలేదు. కిందున్నవాడికి ఎదురుగా చెక్క అడుగు తప్ప ఏం కనపడదండి. బావ అంకె చెబితే కాలేశాను. బావ ఆగమంటే ఆగాను. ఎక్కడ మెట్టు అరిగిందో, ఎక్కడ మలుపుందో అన్నీ ఆయన కళ్ళల్లోనే ఉన్నాయి. ఇప్పుడాయన చెప్పలేడు."

జాబితా ఒక నకలు తీసి ఇచ్చాను. దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని వెళ్ళాడు. ఆ తర్వాత పది రోజులు అతను చేసిన పని నాకు ఆయా హాళ్ళ నుంచి వచ్చిన ఫోన్ల ద్వారానే తెలిసింది. "మీ మనిషి ఒకడొచ్చి ఉత్తచేతులతో మెట్ల మీద వెనక్కి వెనక్కి ఎక్కుతున్నాడండీ, బుర్ర సరిగ్గానే ఉందా?" అని రైల్వే ఉద్యోగుల క్లబ్బు కాపలాదారు అడిగాడు. ఉందని చెప్పాను.

బస్సులో ఊరూరూ తిరిగాడు. మునిసిపల్ హాలుకు ఆరు మెట్లు, వెడల్పువి, పిల్లలు కూడా ఎక్కించేస్తారు. రైల్వే క్లబ్బుకు వెనకవైపున ఇనప మెట్లు ఎనిమిది, ఎక్కుతుంటే కింద ఖాళీ కనపడుతుంది. పాత సినిమాహాలుకు మెట్లు నాలుగే కానీ తలుపు ఇరుకు. బడి హాలుకు మెట్లే లేవు. నది ఒడ్డు హాలుకు పన్నెండు రాతి మెట్లు, నీడలో ఉంటాయి కాబట్టి నాచు. అన్నీ ఒంటిచేత్తో గోడ తడుముకుంటూ, వెనక్కి నడుస్తూ, లోలోపల అంకెలు చెప్పుకుంటూ ఎక్కాడు. మడమకు మెట్టు తెలియాలి కాబట్టి చెప్పులు విప్పేశాడు.

జాబితాలో నాలుగోది గ్రంథాలయం మేడమీది హాలు. అక్కడ అతనికి లెక్క కుదరలేదు. బావగారు ఏటా అక్కడ పద్నాలుగు చెప్పేవారు. ఇతను ఎక్కితే పదిహేడు వచ్చాయి. పొరపాటు పడ్డాననుకుని దిగి మళ్ళీ ఎక్కాడు. పదిహేడే. గ్రంథాలయంలో పేపరు చదువుకుంటున్న పెద్దమనిషిని పిలిచి లెక్కపెట్టమన్నాడు. ఆయనా పదిహేడే అన్నాడు. అప్పుడు మెట్ల మీద కూర్చుని ఆలోచించాడు. ఆ హాలులో ఎప్పుడూ మొదట్లో బావగారు, "ఆగాగు, ఇంకా లెక్క మొదలెట్టలేదు, ముందు సర్దుకుందాం" అంటూ మూడుసార్లు ఎత్తించేవారు. కింద ఏదో అరుగు ఉందనీ దాని మీదకు ఎక్కిస్తున్నామనీ ఇతను అనుకునేవాడు. అరుగు లేదు, గిరుగూ లేదు. అవి మూడూ మెట్లే.

ఇంటికి వెళ్ళగానే బావగారి మంచం పక్కన కూర్చుని అడిగాడు.

"బావా, గ్రంథాలయం మెట్లు ఎన్ని?"

బావగారు చూశారు.

"పదిహేడున్నాయి. పంతొమ్మిదేళ్ళు నాకు పద్నాలుగని చెప్పావు."

జబ్బు చేశాక బావగారు మొదటిసారి నవ్వింది అప్పుడేనట. ఒకవైపు పెదవే నవ్వింది. "కుర్చీ," అన్నారు, దొరికిపోయిన దొంగలాగా.

వంటగదిలోంచి అక్క అందుకుంది. "మొదటి ఏడు నువ్వు అక్కడికొచ్చేసరికి అలిసిపోయి మొహం వేలాడేసుకున్నావట. ఎన్ని మెట్లని అడిగావట. పదిహేడని చెప్పబుద్ధి కాలేదట మీ బావకి. ఒకసారి పద్నాలుగన్నాక ఇంకేం మారుస్తారు? నాకెప్పుడో చెప్పారు. నీకు చెప్పొద్దన్నారు."

నిదానం ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదని, మర్నాడు నాకు ఫోను చేసి అక్కే చెప్పింది. కోపం వచ్చిందేమో అన్నాను. "కోపమైతే తినేవాడమ్మా," అంది.

మేమెవరమూ అనుకోని సంగతి ఒకటి ఆ వారంలోనే జరిగింది. ఆస్పత్రిలో మాటలు నేర్పే అమ్మాయి ఒక సంగతి చెప్పి ఉంది. ఇలాంటి జబ్బులో మాటలు పోయినా, చిన్నప్పటి నుంచి వరసగా వల్లించినవి, పాటలు, అంకెలు, వారాల పేర్లు, ఒక్కోసారి వాటంతటవే వస్తాయని. అక్క దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. కానీ ఒకరోజు బావగారిని నడిపిస్తూ పెరటి మెట్లు ఎక్కిస్తుంటే, ఆయన కాలు మొదటి మెట్టు మీద పడగానే స్పష్టంగా "ఒకటి" అన్నారు. రెండో మెట్టుకు "రెండు". పాత గొంతు, పాత లాగుడు. అక్క భుజం వదిలేసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆయన తొమ్మిది దాకా చెప్పారు.

ఇంక ఇంట్లో ఆనందం చెప్పనలవి కాదు. నిదానం తన పద్ధతికి విరుద్ధంగా పరుగున ఆఫీసుకొచ్చి, "మేడమ్, బావ లెక్క చెబుతున్నాడు. పక్కన నిలబడి ఆయన చెబితే చాలు, పైకొస నేను పట్టుకుంటాను," అన్నాడు. కంపెనీకి రాద్దామని పెట్టుకున్న కాగితాన్ని నేను అతని ఎదురుగానే సొరుగులో పడేశాను. ఆ తొందర అతనిదే కాదు, నాది కూడా. ఆ ఆరు శనివారాలు ఎప్పటిలా జరగాలని నాకూ గట్టిగా ఉండేది.

ఆదివారం పొద్దున పెరట్లో ప్రయత్నం చేసి చూశారు. పాత చెక్క బీరువా ఒకటి ఖాళీ చేసి, దుప్పట్లు చుట్టి, బల్లకు బిగించారు. కింద తాపీమేస్త్రి, పైన నిదానం. పెరటి మెట్ల పైన వసారాలో, గోడకు ఆనుకుని బావగారు నిలబడ్డారు. శుభ్రంగా తల దువ్వించుకుని, ఉతికిన చొక్కా వేయించుకున్నారు. అక్క కింద నిలబడి చూస్తోంది. నేనూ ఉన్నాను.

"ఒకటి," అన్నారు బావగారు. బీరువా లేచింది. "రెండు." అంతా మునుపటిలాగే ఉంది. మేస్త్రి బలమైన మనిషి, అంకె వినగానే ఎత్తుతున్నాడు. ఆరు, ఏడు, ఎనిమిది. తొమ్మిదో మెట్టుతో మెట్లు అయిపోయాయి. బీరువా వసారా అంచుకు వచ్చింది. బావగారు "పది" అన్నారు.

కింద ఉన్న మేస్త్రికి ఏమీ కనపడదు కదా. ఇంకో మెట్టు ఉందనుకుని సత్తువంతా పెట్టి ఎత్తాడు. బీరువా ముందుకు తూలింది. నిదానం ఎడమచెయ్యి గోడకూ బీరువా మూలకూ మధ్య పడింది. ఆ చప్పుడు నాకు కిందికి వినిపించింది. "ఆపండి," అని అక్క అరిచింది. మేస్త్రి ఆగిపోయాడు. బావగారు ఆగలేదు. "పదకొండు," అన్నారు. "పన్నెండు." నిదానం వేళ్ళ మీంచి రక్తం కారడం ఆయన చూస్తున్నారు. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. నోరు మాత్రం ఆయన మాట వినడం లేదు. "పదమూడు. పద్నాలుగు." అక్క పైకి పరిగెత్తి ఆయన నోటిమీద అరచెయ్యి మెత్తగా ఆనించి పెట్టేదాకా అంకెలు అలా వస్తూనే ఉన్నాయి.

రెండు వేళ్ళు చితికాయి. ఉంగరపు వేలు గోరు పోయింది, ఎముక విరగలేదు. ఆస్పత్రిలో కట్టు కట్టించుకుని వచ్చాక నిదానం అన్న మొదటి మాట, "బావ అన్నం తిన్నాడా?"

తినలేదు. గోడవైపు తిరిగి పడుకున్నారు. ఆ పూటా, మర్నాడూ అంతే. నిదానం మంచం దగ్గర కూర్చుని, వేళ్ళు బాగానే ఉన్నాయని కట్టు చూపించబోయాడు. బావగారు తిరగలేదు. ఇతను పనే మానేద్దామనుకున్నాడు. అక్కతో ఆ మాటే అన్నాడు. అక్క అతన్ని పెరట్లోకి తీసుకెళ్ళి మాట్లాడింది. వాళ్ళ మాటలు తర్వాత నిదానమే నాకు చెప్పాడు, మాటకు మాట.

"ఒరేయ్, ఆయన నోరు పోయింది. ఆ పని కూడా పోతే ఇంక ఆయనకేం మిగులుతుందిరా?"

"పని నేను చేస్తే ఆయనకేం మిగిలింది అక్కా? నేను ఆయన చోట్లోకి ఎక్కినట్టు కాదూ?"

"ఆ చోటు ఖాళీగా ఉంచితే ఆయన లేచొస్తారా? బయటివాళ్ళొచ్చి ఆ పియానోని ఈడ్చుకుపోతుంటే ఆ వార్త ఆయనకి నువ్వు చెబుతావా, నేను చెప్పనా?" అంది. మళ్ళీ తనే, "నువ్వే పైకెక్కు. నీ లెక్క నువ్వే చెప్పుకో. ఆయన్ని నేను చూసుకుంటాను," అంది.

ఆమె భర్తతో ఏం మాట్లాడిందో ఎవరికీ తెలియదు. మూడో రోజుకు ఆయన లేచి కూర్చున్నారు.

మొదటి శనివారం ఉదయం మేం సమితి గోదాము దగ్గర పియానో ఎక్కిస్తుంటే, ఆటోలోంచి అక్కా బావగారూ దిగారు. ఆయన ఎవరివంకా చూడకుండా కాలు ఈడ్చుకుంటూ వెళ్ళి బండి ముందు సీటు తలుపు దగ్గర నిలబడ్డారు. నిదానం వెళ్ళి తలుపు తీసి, నడుం పట్టి ఎక్కించాడు. ఆ ఏడాది ఆరు ఊళ్ళకూ ఆయన వెళ్ళారు.

నేను సాధారణంగా ఆఫీసులోనే ఉంటాను. ఆ సంవత్సరం మాత్రం నాలుగో శనివారం గ్రంథాలయం మేడకు వెళ్ళాను. భయం ఉండి వెళ్ళానని ఒప్పుకుంటాను. మెట్ల కింద గచ్చు మీద బావగారిని కూర్చోబెట్టారు. నిదానం ఎడమచేతికి ఇంకా పట్టీ ఉంది. బెల్టు భుజాన వేసుకుని, చెప్పులు విప్పి, మొదటి మెట్టుకు మడమ ఆనించి నిలబడ్డాడు. మేస్త్రి కిందకొస దగ్గర వంగి అడిగాడు.

"ఎన్నన్నా?"

నిదానం బెల్టు సర్దుకున్నాడు. బావగారి వంక చూశాడు. ఆయన కూడా ఇతని వంకే చూస్తున్నారు.

"పదిహేడు," అన్నాడు నిదానం.

బావగారు విసుగ్గా తల తిప్పుకుని "కుర్చీ" అన్నారు. అంత చిరాకుగా ఆ మాట అనడం నేనెప్పుడూ వినలేదు. నిదానానికి ఆ సమయంలో నవ్వు వచ్చింది. ఎప్పుడూ ఆలస్యంగా నవ్వేవాడు అప్పుడు మాత్రం అక్కడికక్కడే నవ్వాడు. తర్వాత అడిగితే, "నాకు బావలాగా అబద్ధం చెప్పడం చేతకాదు మేడమ్. రెండో మెట్టుకే గొంతు వణికేది. మేస్త్రి గోడలు కట్టేవాడు, ఎంత ఎత్తో చెబితే కడతాడు," అన్నాడు.

పదిహేడూ ఎక్కారు. పదో మెట్టు దగ్గర ఒకసారి ఆగారు, ఊపిరి తీసుకున్నారు. నిదానం గొంతు పెద్దది కాదు. అంకె అంకెకూ మధ్య "నిదానం" అనడం మానలేదు. పైన చదును తగలగానే, "అయిపోయింది, మెట్లు లేవు, నేల," అని మూడుసార్లు చెప్పాడు. బీరువా రోజున నేర్చుకున్నాడనుకుంటాను. మేస్త్రి నిలబడి నడుం పట్టుకున్నాడు. పియానో మూల ఎక్కడా తగల్లేదు.

ఆ సాయంత్రం బండిలో పడుకోవడానికి వీల్లేకపోయింది. బావగారు ఒంటరిగా బండి ఎక్కి దిగలేరు. అందుకని ఆయన్ని మెల్లగా పైకి నడిపించుకొచ్చాక, ఆయనకీ నిదానానికీ వెనక వరసలో రెండు సీట్లు ఇచ్చాను. ఇరవయ్యో శరత్కాలానికి తాము మోసిన పియానో ఎలా మోగుతుందో వాళ్ళు మొదటిసారి విన్నారు. వాయించినామె చిన్నగా, సన్నగా ఉంది. మొదట అంతా మెల్లగానే సాగింది. మధ్యలో ఒకచోట ఆమె రెండు చేతులతో గట్టిగా కొట్టేసరికి, నిదానం సీటు చేతులు రెండూ పట్టుకుని కాళ్ళు నేలకు తన్నిపెట్టాడు. పక్కనే ఉన్న నాతో నెమ్మదిగా, "కాళ్ళ స్క్రూలు బిగించాను కదా అని గుర్తు చేసుకుంటున్నాను," అన్నాడు. కళ్ళు మూసుకోలేదు, తల ఊపలేదు. ఆ పియానో అడుగుచెక్క మీది ప్రతి మచ్చా తెలిసిన మనిషి, దాని ముందు మొహం ఇదన్నమాట అన్నట్టు చూస్తూ కూర్చున్నాడు.

కచేరీ అయ్యాక అందరూ లేచి చప్పట్లు కొట్టారు. చప్పట్లకు రెండు చేతులు కావాలి. బావగారు తన ఎడమచేత్తో బావమరిది మోకాలి మీద కొట్టారు. అందరూ ఆపాక కూడా కాసేపు కొట్టారు. నిదానం కదలకుండా కూర్చుని మోకాలు అలాగే ఉంచాడు.

బావగారు ఆ తర్వాత ఇంకో శరత్కాలం చూశారు. ఆ ఏడాదిన్నరలో ఓ ఇరవై మాటల దాకా తిరిగొచ్చాయి. నీళ్ళు, చాలు, తలుపు, వాన. భార్యను పేరుతో ఒక్కసారి పిలిచారట. ఆమె ఆ సంగతి నాకు చెప్పి ఫోను పెట్టేసింది. కిందటి ఏడాది ఎండాకాలంలో రెండోసారి పక్షవాతం వచ్చింది. ఆస్పత్రికి తీసుకెళ్ళారు కానీ, తిరిగి తీసుకురాలేదు.

అప్పుడు నిదానం నెల రోజులు ఎవరికీ కనపడలేదు. నేను ఫోను చేయలేదు. ఆ శరత్కాలపు జాబితా మాత్రం టైపు చేసి, నకలు ఒకటి అతని పేర పోస్టులో పంపాను. మొదటి శనివారానికి పది రోజుల ముందు వచ్చాడు. ఎప్పటిలాగే చెప్పులు గుమ్మం దగ్గర వదిలి నిలబడ్డాడు. సినిమాహాలు తలుపు వెడల్పు చేశారా అని అడిగాడు. లేదన్నాను. "అయితే కాళ్ళు విప్పే తీసుకెళ్ళాలి," అన్నాడు. ఆరు ఊళ్ళూ తిరిగాడు. బండి ముందు సీట్లో మేస్త్రిని కూర్చోమంటే, మేస్త్రి తనంతట తానే వద్దని వెనక్కి వెళ్ళి పియానో పక్కన కూర్చున్నాడు.

ఈ ఏడాది కచేరీలకు ఇంకా పదహారు రోజులు ఉన్నాయి. నిదానానికి యాభై ఆరు నిండాయి. మోకాళ్ళు చప్పుడు చేస్తున్నాయి. ఇంకో రెండు మూడేళ్ళు చేస్తాననీ, ఈలోగా మేస్త్రి చేత ఆరు హాళ్ళలోనూ వెనక్కి నడిపిస్తాననీ అంటున్నాడు. నిన్న గోదాము తలుపులు తీసి పియానోకి గాలి తగలనిచ్చాం. ఇద్దరూ కలిసి దుమ్ము తుడిచారు. చుట్టే దుప్పట్లు ఉతికి అక్కే తెచ్చింది. అవి ఆస్పత్రి దుప్పట్ల కంటే బరువని సణుగుతూ మడతలు పెట్టసాగింది. మడతలు పెడుతూ పెడుతూ, తెరిచి ఉన్న పియానో దగ్గరికి వచ్చి, చేతిని చీర చెంగుకు తుడుచుకుని, ఒక మీట మీద వేలు పెట్టి నొక్కింది. ఇన్నేళ్ళలో దాన్ని ఆమె ముట్టుకోవడం అదే మొదలు. గోదాము దాదాపు ఖాళీ కాబట్టి మోత చాలాసేపు నిలిచింది.

"ఇంత మోగుతుందా ఇది," అంది తమ్ముడి వంక తిరిగి.

"ఊఁ," అన్నాడు నిదానం.

ఆమె వేలు తీయకుండా ఆ మోత పూర్తిగా పోయేదాకా నిలబడింది. తర్వాత వెళ్ళి మిగతా దుప్పట్లు మడత పెట్టింది.